టికెట్టు తీసుకున్న గుమ్మడి మొక్కలు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది తొమ్మిదో మడి దర్జీ అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గాని నలభై దాటింది, నా వయసుకు అమ్మాయే. ఒక్కరి నోట విని రాసే అలవాటు నాకు లేదు. అందుకని పంపు మేస్త్రీని పిలిచి, కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పించుకున్నాను. ఇద్దరి మాటా ఒకటే అయింది కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు నేను అక్కడ లేను, కళ్లకు శుక్లాలు తీయించుకుని ఇంట్లో పడున్నాను. ఉండుంటే జరిగేది వేరు.

మా కూరగాయల తోటలో ముప్ఫై మడులు. ఇంటి దగ్గర మట్టి లేని వాళ్లకు ఊరివాళ్లు పంచి ఇచ్చినవి. వేసవి మొదట్లో పాత పంట తీసెయ్యాలి, కొత్తది పెట్టాలి. తనిఖీ రోజున మడిలో పచ్చగా మొక్క కనబడాలి. గింజ వేశాను, లోపలుంది, రేపో మాపో మొలుస్తుంది అంటే కుదరదు. మొక్క లేకపోతే మడి మూల ఎర్ర కర్ర పాతుతారు. రెండు ఎర్ర కర్రలు పడితే తాళంచెవి తీసేసుకుని, మడి కోసం కాచుక్కూర్చున్న వాళ్లలో ముందున్న వాళ్లకు ఇచ్చేస్తారు. కాచుక్కూర్చున్న వాళ్లు డెబ్బై మంది.

దర్జీ అమ్మాయికి చలికాలంలోనే ఒక ఎర్ర కర్ర పడింది. రెండోది పడే రోజు ఇది.

నెల కిందట కుళాయి దగ్గర జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎడం చేత్తోనే ఉల్లి మొత్తం పీకింది. పక్క మడి డ్రైవర్ పెళ్లాం వచ్చి మట్టి తవ్వి పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. నారు పోయింది. టమాటా నారు ఎండకు అలవాటు పడాలని ఒక పూట మేడ మీద బయటపెట్టి, కట్టు మార్పించుకోడానికి ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ మూడు గంటలు కూర్చోబెట్టారు. తిరిగొచ్చేసరికి నారు ముట్టుకుంటే కరకరలాడుతోంది.

ఆమె ఉండేది ఒక్క గది. మిషన్ ముందు కూర్చుంటే మోకాళ్లు గోడకు తగులుతాయి, పగలు కూడా లైటు వెయ్యాలి, కిటికీ తెరిస్తే ఎదుటింటి గోడ. నడుం నిటారుగా పెట్టి దూరంగా చూసేది ఆ మడి దగ్గరే. అది పోతే పిచ్చెక్కుతుంది పెద్దయ్యా అని నాతో అన్నది. అలాంటి మాటలు తేలిగ్గా అనే మనిషి కాదు.

ఆ పొద్దున తాళంచెవి ఎడం గుప్పిట్లో పెట్టుకుని షెడ్డుకు వచ్చింది. అడిగించుకోవడం దేనికి, తనే ఇచ్చేసి పోదామని.

షెడ్డులో అప్పటికే ముగ్గురున్నారు. స్టవ్వు మీద టీ పెడుతున్న పంపు మేస్త్రీ. కిటికీకి వీపు పెట్టి బెంచీ మీద కూర్చున్న కొలబద్ద, అంటే మా తోట పెద్ద. భూములు కొలిచే ఉద్యోగం చేసి దిగినాయన, ఇప్పటికీ జేబులో టేపు లేకుండా గడప దాటడు. మూడోవాడు ఎనిమిదో మడి డ్రైవర్. ముప్ఫై ఏళ్లు ఇరవై ఒకటో నంబరు బస్సు తోలాడు. బస్సు దిగాడు గాని నోరు దిగలేదు. వాడికీ నాకూ మాటల్లేవు, ఆ సంగతి చివర చెబుతాను. షెడ్డు గోడ మీద పలకలో, ఏ ఏడు ఎవరి గుమ్మడికాయ పెద్దదో రాస్తారు. నాలుగేళ్లుగా అక్కడ వాడిదే. వేసవి తనిఖీలో ఎర్ర కర్ర పడ్డ మడి కాయను మాత్రం ఆ ఏడు తూకానికి రానివ్వరు.

కొలబద్దకు ఒక పద్ధతుంది. టీ అయ్యేదాకా తనిఖీ మొదలుపెట్టడు. టీ అయ్యాక ఒక్క నిమిషం ఆగడు.

దర్జీ అమ్మాయి గుమ్మంలో నిలబడి, "సార్, నాదొక మాట," అనబోయింది. డ్రైవర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"కూర్చో చెల్లెమ్మా, టీ తాగి మాట్లాడుదువు. మేస్త్రీ, చెల్లెమ్మకో గ్లాసు. ఎక్కడున్నాను నేను? ఆఁ, నా సర్వీసు ఆఖరి వేసవి. ఆ ఏడు నా మడిలో పనంతా ఎంతలో అయిందో తెలుసా?"

"ఎంతలో అన్నా?" అన్నాడు మేస్త్రీ, అడక్కపోయినా చెబుతాడని తెలుసు గనక.

"డ్యూటీ ఎక్కేముందు ఉల్లి పీకాను, మట్టి తిరగేశాను, గుమ్మడి మొక్క పెట్టాను. అంతే. ఒక్క పూట."

"అందులో ఏముంది, మేమూ అంతేగా."

"వినవయ్యా! మొక్క చుట్టూ మట్టి అదుముతున్నానా, చెయ్యి తీసేలోపే తీగ నా చిటికెన వేలికి చుట్టుకుంది. విడిపించుకుని కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చేసరికి గోడెక్కింది. గోడ అవతల ఏముంది? నా బస్సు. చివరి స్టాపు మన గేటు దగ్గరే కదా. తీగ దాని వెనక బంపరుకు చుట్టుకుంది. నేను చూశానా పెట్టానా, గబగబా ఎక్కి బండి తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తీగ తెగింది."

"తెగడమే? నేను పెట్టిన మొక్క తెగడమే? బస్సు ఎంత జోరుగా పోతే తీగ అంత జోరుగా పెరిగింది మేస్త్రీ! మొదటి స్టాపులో పువ్వు, రెండో స్టాపులో పిందె, మూడో స్టాపు వచ్చేసరికి కిటికీలోంచి చెయ్యి పెట్టి జనం కాయలు కోస్తున్నారు."

కొలబద్ద గ్లాసు ఊది ఒక గుక్క తాగాడు. దర్జీ అమ్మాయికి ఆ గుక్క గొంతు దిగడం వినబడిందట. వీడి సోది ఎప్పుడైపోతుందా, తాళంచెవి ఎప్పుడు ఇచ్చేస్తానా అని కూర్చుంది. గుప్పిట్లో చెవి పళ్లు అరచేతికి గుచ్చుకుంటున్నాయి. ముఖం ఎవరికీ కనబడకూడదని కొలబద్ద భుజం మీదుగా కిటికీలోంచి బయటికి చూసింది.

బయట డ్రైవర్ పెళ్లాం తోపుడు బండి తోసుకుంటూ పోతోంది. బండిలో పన్నెండు రేకు డబ్బాలు. డబ్బాకొక గుమ్మడి మొక్క, నాలుగేసి ఆకులతో, బలంగా. అవి డ్రైవర్ మొక్కలు. వాటిని పెంచడానికి వాడు పడ్డ పాట్లు తోటంతా ఎరుగుదురు. గింజ తడిపిన రోజు నుంచి రాత్రి చలికి గుడ్డ కప్పడం, పొద్దున తియ్యడం, ఎవరైనా దగ్గరికొస్తే గదమడం. టీ తాగి, తనిఖీ తన మడికి వచ్చేలోపు, అందరూ చూస్తుండగా నాటడం వాడి దర్జా. బండి ఎనిమిదో మడి దగ్గర ఆగలేదు. తొమ్మిదో మడి దగ్గర ఆగింది.

ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, మొదటి పాదు తీసింది.

దర్జీ అమ్మాయి ఇటు తిరిగి చూస్తే డ్రైవర్ కూడా కిటికీలోకే చూస్తున్నాడు. నోరు తెరిచి ఉంది, గ్లాసు గాల్లో ఉంది. వాడికి తెలియదు. పెళ్లాం వాడితో ఒక్క మాట చెప్పలేదు. ఆ ముఖం చూస్తేనే తెలిసిపోయిందని అమ్మాయి నాతో మూడుసార్లు అన్నది.

"ఆ తర్వాత?" అన్నాడు మేస్త్రీ. "నాలుగో స్టాపులో ఏమైంది?"

డ్రైవర్ చూపు కిటికీ వదల్లేదు.

కొలబద్ద గ్లాసులో సగం అయింది. "ఆపేశారేం, పెట్రోలు అయిపోయిందా?" అని వెనక్కి తిరగబోయాడు.

వాడు ఒక్క అరుపు అరిస్తే చాలు. ఒసేయ్, అవి నావే అంటే అయిపోతుంది. దర్జీ అమ్మాయి వాడి వైపే చూస్తోంది. డ్రైవర్ ఆమెను చూశాడు, ఆమె కట్టు చూశాడు, మూసుకున్న ఎడం గుప్పిట చూశాడు. గ్లాసు ఠప్పున బల్ల మీద పెట్టాడు.

"నాలుగో స్టాపా!" అని ఒక్క కేక పెట్టాడు. కొలబద్ద ఉలిక్కిపడి ఇటే తిరిగాడు. "నాలుగో స్టాపు సంగతి అడగండి సార్, చెబుతాను! కాయలు బస్సంతా నిండిపోయాయి. సీట్లో కాయ, సీటు కింద కాయ, నిలబడ్డ జనం మధ్యలో నిలబడ్డ కాయ. మా కండక్టరు నిప్పులాంటి మనిషి. చోటు తీసుకున్నాక ఎవరైతే ఏంటి, టికెట్టు టికెట్టే అన్నాడు. కాయకొక టికెట్టు కొట్టాడు. పిందెలకు అర టికెట్టు!"

మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఏ స్టాపుకు కొట్టాడన్నా?"

"చివరి స్టాపుకు. ఎక్కినవి దిగాలిగా!"

కొలబద్ద నవ్వలేదు. ఇంకో గుక్క తాగాడు. కిటికీ అవతల నాలుగు మొక్కలు నేలలో పడ్డాయి. అంతలో బెంచీ కింద పైపు గుడగుడలాడింది. తొమ్మిదో మడి వైపు కుళాయి తిప్పితే ఆ పైపు అలాగే కదులుతుంది, మాకందరికీ తెలుసు.

"ఎవరో నీళ్లు తిప్పారు," అన్నాడు కొలబద్ద పైపును చూస్తూ. "తనిఖీ వేళప్పుడు నీళ్లేమిటి?"

"ఎవరో కాదు సార్, అది నా గుమ్మడి వేరు. తీగ పోయింది గాని వేరు ఇంకా తాగుతూనే ఉంది. ఆ దాహం చల్లారాలంటే ఇంకో నాలుగేళ్లు పడుతుంది."

"సరే, లేద్దాం." గ్లాసులో మిగిలింది ఒక్క గుక్క. కొలబద్ద మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయాడు. ఆరు మొక్కలే అయ్యాయి. దర్జీ అమ్మాయి లెక్కపెడుతూనే ఉంది.

అప్పుడు డ్రైవర్ చాలా మామూలుగా, మేస్త్రీతో అన్నట్టు అన్నాడు. "ఏడో స్టాపులో కాసింది చూడు, అదీ కాయంటే. చుట్టుకొలత ముప్ఫై అడుగులు. అడ్డంగా కొలిస్తే పదిహేను."

కొలబద్ద లేవడం సగంలో ఆగిపోయింది.

"తప్పు," అన్నాడు.

"ఏది తప్పు సార్?"

"చుట్టూ ముప్ఫై అయితే అడ్డం పదిహేను ఎలా అవుతుంది? పది కూడా రాదు. తొమ్మిదిన్నర."

"నా చేత్తో నేను కొలిచాను సార్. పదిహేను."

"మీ చెయ్యి కాదండీ, ఎవరి చెయ్యి కొలిచినా అంతే!" కొలబద్ద కూర్చున్నాడు. జేబులోంచి టేపు తీశాడు. మేస్త్రీ తాగి పెట్టిన ఖాళీ గ్లాసు చుట్టూ టేపు చుట్టి, గోరుతో గుర్తు పెట్టి, మళ్లీ అడ్డంగా పెట్టి చూపించాడు. "చూడండి. చుట్టూ ఇంత. అడ్డం ఇంత. మూడో వంతు కన్నా కాస్త తక్కువ. గ్లాసైనా, గుమ్మడైనా, ఈ షెడ్డైనా."

"అది గుండ్రటి వాటికి సార్. నాది ఒకవైపు నొక్కుకుంది. బస్సు తలుపులో ఇరుక్కుంది కదా."

"నొక్కుకుందా? ఎటువైపు? నిలువునా, అడ్డంగానా?"

"తలుపు వైపు."

"తలుపు వైపంటే ఏ వైపండీ!" కొలబద్దకు ముక్కు చివర ఎర్రబడింది. ఒక పాత కాగితం తీసి పెన్సిలుతో గుమ్మడికాయ గీశాడు, బస్సు తలుపు గీశాడు, బాణం గుర్తులు పెట్టాడు. డ్రైవర్ ఆ కాగితం మీదికి వంగి, ఇటు కాదు సార్ అటు, అటు కాదు సార్ కొంచెం ఇటు, అంటున్నాడు. నుదుటి మీంచి చెమట కారి కాగితం మీద పడింది. తొమ్మిది మొక్కలు. పది. పదకొండోది డబ్బాలోంచి ఊడి రావడం లేదు. ఆమె డబ్బాను గడ్డపార మీద కొడుతోంది. ఠంగు ఠంగుమని చప్పుడు.

"ఆ చప్పుడేంటి?" అన్నాడు కొలబద్ద.

"అదే చప్పుడు సార్!" డ్రైవర్ లేచి నిలబడ్డాడు, గొంతు పైకెత్తాడు. "సరిగ్గా ఆ చప్పుడే, ఆ రోజు నా బస్సు వెనక బంపరు చేసిన చప్పుడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగ బిగిసింది. ఇంజన్ ఆపేశాను, బ్రేకు తొక్కాను, నిలబడితే ఒట్టు! బస్సును జనంతో సహా, కాయలతో సహా వెనక్కి లాగడం మొదలుపెట్టింది. ఏడు స్టాపులూ వెనక్కే. స్టాపు వచ్చినప్పుడు కాసేపు ఆగేది, మనుషులు దిగేవాళ్లు, కండక్టరు ఈల వేస్తే మళ్లీ లాగేది. డీజిలు చుక్క ఖర్చు కాలేదు. ఆఖరికి ఈ గోడ మీంచి బస్సును ఎత్తి, మీకేం చెప్పను సార్, పందిరి మీద కాయను పెట్టినట్టు నా మడి మీద పెట్టింది. డిపో వాళ్లు వచ్చి చూసి, దించడం మా వల్ల కాదు, పండితే అదే రాలుతుందిలే అని వెళ్లిపోయారు!"

పైపు గుడగుడ ఆగింది.

డ్రైవర్ కిటికీలోంచి పన్నెండో మొక్కను చూసి కూర్చున్నాడు. కొలబద్ద ఆ ఒక్క గుక్కా తాగేసి, టేపు చుట్టి జేబులో పెట్టుకుని, సంకలో రిజిస్టరుతో బయటికి నడిచాడు.

ఒకటి నుంచి ఏడు దాకా గొడవేం లేదు. మూడోది నా మడి, అందులో వంక పెట్టడానికి ఏమీ ఉండదు. నా కోడలు నిలబడి చూపించింది. ఎనిమిది దగ్గర ఆగాడు. మట్టి గుల్లగా తవ్వి ఉంది, సాళ్లు చక్కగా తీసి ఉన్నాయి. ఒక్క మొక్క లేదు. డ్రైవర్ పెళ్లాం పక్కన నిలబడి చేతులకున్న మట్టి గోళ్లతో గీక్కుంటోంది, తల ఎత్తడం లేదు.

"డ్రైవర్ గారూ, మొక్కలేవి?"

"పోయాయి సార్. ఎండకు." గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నీళ్లు పోయడం మరిచిపోయాను."

తన మడిలో ఒక ఆకు పచ్చబడిందని కూడా ఒప్పుకోని మనిషి. వాడి జన్మలో ఇంత చిన్న అబద్ధం ఆడి ఉండడు.

"సార్, అది కాదు," అని దర్జీ అమ్మాయి ముందుకొచ్చింది. డ్రైవర్ పెళ్లాం ఆమె ఎడం మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"చెల్లెమ్మా, నీ మడి దగ్గరికి పోయి నిలబడు," అన్నాడు డ్రైవర్. "నీ స్టాపు వచ్చినప్పుడు మాట్లాడుదువు."

కొలబద్ద సిరా పెన్ను తీసి ఎనిమిదో మడికి ఎదురుగా ఒకే ఒక మాట రాశాడు. నిర్లక్ష్యం. మేస్త్రీ ఎర్ర కర్ర తెచ్చి పాతాడు. ఇక ఆ ఏడు పలక మీద వాడి పేరు లేదు.

తొమ్మిదికి వచ్చారు. పన్నెండు పాదులు, పన్నెండు మొక్కలు. ఎండలో నాటినందుకు ఆకులు వాలాయి గాని ప్రాణం ఉంది, పాదు తడిగా ఉంది, మొక్కకొక రెమ్మ నీడగా గుచ్చి ఉంది. కొలబద్ద గట్టు మీదే నిలబడి రాసేసి పోతాడనుకున్నారు. పోలేదు. కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. మొదటి మొక్క మొదలు చుట్టూ ఏదో కాగితం పట్టీ కనబడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొదలు కొరికే పురుగు రాకుండా డ్రైవర్ తన మొక్కలకు కాగితం పట్టీ చుడతాడు. టికెట్లకు మిషన్లు వచ్చాక పనికిరాకుండా పోయిన, బస్సు నంబరు అచ్చేసిన పాత టికెట్ కట్టలు వాడి దగ్గరున్నాయి, వాటిని మైనంలో ముంచి చుడతాడు. తోటలో ఇంకెవరూ అలా చెయ్యరు. వాడి పెళ్లాం అంత తొందరలో కూడా పట్టీ లేకుండా మొక్క పెట్టలేకపోయింది. ఏళ్ల తరబడి అలవాటు. పన్నెండింటికీ పట్టీలు సరిచేసి మరీ నాటింది.

కొలబద్ద వేలితో మట్టి తుడిచి చదివాడు. "ఇరవై ఒకటి." రెండో మొక్క దగ్గరికి పోయాడు. "ఇరవై ఒకటి." మూడోది చదవలేదు. లేచి నడుం పట్టుకుని డ్రైవర్ వైపు తిరిగాడు.

"ఇందాక నుంచి మీరు చెప్పిందాంట్లో ఒక్క ముక్క నేను నమ్మలేదు. గుమ్మడికి టికెట్టు కొట్టారన్నది మాత్రం నిజమేనన్నమాట." కళ్లద్దాలు తీశాడు. "ఎక్కడికి తీసుకున్నారు టికెట్టు? ఎనిమిదికా, తొమ్మిదికా? నాకైతే ఒక స్టాపు ఎక్కువ వచ్చేసినట్టు కనబడుతోంది."

డ్రైవర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. తోటలో అందరూ చూస్తుండగా వాడికి మాట రాకపోవడం అదే మొదలు.

"ఇవి నీ మొక్కలేనామ్మా?" అని కొలబద్ద దర్జీ అమ్మాయిని అడిగాడు.

"కావు సార్," అన్నది. అని గుప్పిట తెరిచి తాళంచెవి చాపింది. అరచేతిలో చెవి పళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

కొలబద్ద ఆ చేతిని చూశాడు. తాళంచెవి తీసుకోలేదు. "మేస్త్రీ, నిబంధనలో ఏముంది?"

"తనిఖీ వేళకు మడిలో మొక్క నాటి ఉండాలి సార్."

"ఎవరి మొక్క అని ఉందా?"

"లేదు సార్."

"లేనిది నేను చదవను." తొమ్మిదికి ఎదురుగా రాశాడు: నాటారు, పన్నెండు.

దర్జీ అమ్మాయి అప్పటికి గాని ఏడవలేదు. ఏడుస్తూనే అడిగింది, "మరి ఎనిమిదోది కొట్టెయ్యండి సార్. నిర్లక్ష్యం కాదుగా."

"ఎనిమిదో మడిలో మొక్క ఉందా?"

"లేదు."

"సిరాతో రాశాను. రాసింది కొట్టే అలవాటు నాకు లేదు," అని పదో మడికి నడిచాడు.

ఇదీ జరిగింది. ఆ ఏడు తొమ్మిదో మడి కాయ తూకానికి వచ్చి నాలుగోదిగా నిలిచింది. డ్రైవర్ వచ్చి దాన్ని ఒకసారి తట్టి చూసి వెళ్లిపోయాడట. బస్సు కథ ఇప్పటికీ రోజూ చెబుతాడు, ఇప్పుడు స్టాపులు పద్నాలుగయ్యాయి. ఈ కథ మాత్రం ఎవరికీ చెప్పడు.

వాడికీ నాకూ మాటల్లేవని అన్నాను. పదకొండేళ్ల కిందట నేను పండించిన గుమ్మడికాయను పదిమందిలో పట్టుకుని, ఇది బజారులో కొన్నదే అన్నాడు. ఆ మాట నేను మరవలేదు, మరవను. అయినా తప్పు రాత తప్పు రాతే. ఆ రిజిస్టరు షెడ్డు అరలో ఉంది. కొలబద్ద కొట్టడు. నా అక్షరాలు పెద్దవి, వంకర, ఆ గడిలో పట్టవు. చిన్నగా, శుభ్రంగా రాయడం వచ్చినవాళ్లు ఎవరైనా వెళ్లి, ఎనిమిదో మడి ఎదురుగా నిర్లక్ష్యం అన్న మాట కొట్టేసి, మొక్కలు తొమ్మిదో మడికి ఇచ్చాడు అని రాయండి. పన్నెండు మొక్కలు అని రాయండి. అంతకు మించి ఒక్క మాట రాయకండి, వాడి చెవిన పడితే ఆ పన్నెండు పన్నెండొందలవుతాయి.